గిటారుకు పడ్డ చివాట్లు

తిట్ల డాక్టరుగారు మనిషిని తిట్టగా విన్నవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. ఆయన తిట్లన్నీ వస్తువులకే. వాయిద్యాలు బాగుచేయడం ఆయన వృత్తి, బాగుచేస్తున్నంతసేపూ వాటిని చెడామడా తిట్టడం అలవాటు. నోరు మూసుకుని పనిచేశారంటే ఆ రోజు ఆయనకు జ్వరమన్నమాట.

ఒకసారి ఒక లెక్చరరుగారు కుర్చీలో పెట్టిన తన వయొలిన్ మీద తానే చతికిలబడ్డారు. ముక్కలు సంచిలో వేసుకొచ్చి, ముఖం చెల్లక కొట్టు గుమ్మంలోనే నిలబడిపోయారు. డాక్టరుగారు సంచి విప్పి వయొలిన్ మీద విరుచుకుపడ్డారు.

"అంత పెద్దమనిషి కూర్చోవడానికి వస్తుంటే లేచి చోటివ్వొద్దూ? మర్యాద ఎవరూ నేర్పలేదా నీకు?"

లెక్చరరుగారు పకపకా నవ్వి లోపలికొచ్చి కూర్చున్నారు. కాకపోతే ముందు కుర్చీని చేత్తో తడిమి చూసుకున్నారు.

కింద పడ్డ స్క్రూడ్రైవరుకు ఒక రకం తిట్లు, బిగుసుకుపోయిన తలుపుకు ఇంకో రకం. "నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?" అని చల్లారిన టీని నిలదీసి, ఆనక గటగటా తాగేసేవారు.

ఇదంతా తెలిసి కూడా, ఆ శనివారం పొద్దున కొట్టు మెట్ల దగ్గర దర్జీ అమ్మాయి వెనకబడింది. ముందు నడుస్తున్న అన్నయ్య మాత్రం యుద్ధానికి వెళ్తున్నట్టే ఉన్నాడు.

ఆమె పగలంతా బట్టలు కుట్టి, సాయంత్రాలు అన్నయ్య బ్యాండులో గిటారు వాయిస్తుంది. ఆ గిటారుకు ఒక కడ్డీ ఉంది. దాన్ని నొక్కితే స్వరం కిందికి ఊగి, వదిలితే మళ్ళీ తన చోటికి రావాలి. అలా రావాలంటే ప్రతి తీగ చివరనీ ఒక చిన్న ఇనుప బిళ్ల గట్టిగా అదిమి పట్టుకోవాలి. పోయిన వారమే డాక్టరుగారు కొత్త తీగలు వేసి బిళ్లలన్నీ బిగించారు. గురువారం ప్రోగ్రాములో మాత్రం, ఆమె కడ్డీ నొక్కగానే ఒక తీగ సర్రున జారింది. అన్నయ్య పాట ఒక దారి, గిటారు ఇంకో దారి. జనం గొల్లున నవ్వారు.

"ఏమైందే?" అన్నాడు అన్నయ్య పళ్ళు కొరుకుతూ. "ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాళ్ళని చూసుకుంటాను."

"తీగలు వేసినాయన సరిగ్గా బిగించలేదేమో" అనేసింది.

ఇంటికెళ్ళి విప్పి చూస్తే బిళ్ల కింద నూనె తళతళలాడింది. కుట్టుమిషనుకు వేసినట్టే, ముందు రోజు గిటారుకూ కనిపించిన ప్రతి సందులో తలో చుక్కా వేసింది తనే. ఆ సంగతి తెలిశాక కూడా ఆమె నోరు విప్పలేదు. శనివారం సాయంత్రం మరో ప్రోగ్రాము ఉంది, అందులో తన చోటు పోతుందని భయం.

కొట్లో నలుగురు మనుషులున్నారు. అన్నయ్య వాళ్ళందరికీ వినబడేలా కేకలేశాడు. డాక్టరుగారు గిటారు అందుకుని, మరమేకు వదులు చేసి, బిళ్లను వేలితో రుద్ది వాసన చూశారు. తలెత్తి ఒక్క క్షణం ఆమె భుజానికి అంటుకున్న దారప్పోగు వైపు చూశారు. తర్వాత గిటారు వైపు తిరిగారు.

"సిగ్గుందా నీకు? నమ్ముకున్నవాళ్ళని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

ఆమెకు చెవుల దాకా మంట పుట్టింది.

"బిళ్లకు గుంట పడిందండీ" అన్నారాయన అన్నయ్యతో. "తీగలు వేసినప్పుడే చూసుకోవాల్సింది. పొరపాటు నాదే."

"ఒప్పుకున్నారు, సంతోషం. ఇకమీదైనా ఒళ్ళు దగ్గరపెట్టుకుని చెయ్యండి."

"అన్నయ్యా..."

"నువ్వాగు."

ఆగిపోయింది. ఆ ఆగిపోవడం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. డాక్టరుగారు స్పిరిట్ గుడ్డతో అంతా తుడిచి, బిళ్లను రెండోవైపుకు తిప్పి, తీగను సరిగ్గా నడిమధ్యన పెట్టి బిగించారు. పదిసార్లు కడ్డీ నొక్కారు. పదిసార్లూ స్వరం బుద్ధిగా తన చోటికి వచ్చింది.

సాయంత్రం ప్రోగ్రాము బ్రహ్మాండంగా జరిగింది. "మొన్నటి తప్పు మాది కాదు, రిపేరు చేసినాయనది. ఆయనే ఒప్పుకున్నాడు!" అని అన్నయ్య మైకులో ప్రకటిస్తే జనం చప్పట్లు కొట్టారు. ఆమె తలెత్తలేదు.

గిటారు సర్దుతుంటే పెట్టె జేబులో చిన్న చీటీ దొరికింది.

"గిటారుకు: కదిలే చోట నూనె మంచిదే. పట్టుకునే చోట చుక్క కూడా వద్దు. చదివి చింపెయ్."

అన్నయ్య కంట పడినా ఆమె పేరు బయటపడకుండా గిటారు పేరు మీద రాశారు పాపం! ఆమె దాన్ని చింపలేదు. తిన్నగా తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టింది.

"నూనె వేసింది నేనే అన్నయ్యా. వేరేవాళ్ళని చూసుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం."

అన్నయ్య రెండుసార్లు చదివాడు. "ఇప్పుడాయనకి నా ముఖమెలా చూపించనే? మైకులో కూడా అన్నానే!"

"తప్పు చేసి కూడా నేను ఇప్పుడు నీకు చూపించలేదూ? అలాగే."

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. కొట్టు కిటకిటలాడుతోంది. క్షమించమని అందరి ముందూ ఎలా అడగాలో ఆమెకు తోచలేదు. గభాలున పెట్టె తెరిచి గిటారు మీద విరుచుకుపడింది.

"సిగ్గుందా నీకు? తప్పు నువ్వు చేసి, ఆయన మాటలు పడుతుంటే గుడ్లప్పగించి చూస్తావా? నిజం చెప్పడానికి నోరు రాలేదా?"

అన్నయ్య గొంతు సవరించుకుని సంచిలోంచి మైకు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారు దాన్ని తిప్పి చూశారు.

"దీనికేం జబ్బు లేదండీ."

"ఉందండీ. నోరెక్కువ."

డాక్టరుగారి మీసాలు కదిలాయి. మైకును చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "వయసులో పెద్దవాళ్ళ దగ్గర అంత గొంతేమిటి నీకు? పో, ఈసారికి వదిలేశాను."

గిటారు వంతు వచ్చింది. అందుకోబోయి, పెట్టె లోపలి గుడ్డ చూసి ఆగిపోయారు. ఆయన రాసిన చీటీ అక్కడే ఉంది, నాలుగు అంచులా సన్నటి కుట్లతో.

"ఎంత పొగరే నీకు!" అని గిటారు మీద గుడ్లురిమారు డాక్టరుగారు. "చింపెయ్యమంటే కుట్టుకొస్తావా?"