వచ్చినవాళ్ల రిజిస్టరు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే, తోపుడు బండి మీద కలరా ఉండలు పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. ఆ ఘాటు తగిలితే చాలామందికి పెట్టెలో దాచిన పట్టుచీరలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం మన్సూరాబాద్‌లో నీళ్ల ట్యాంకు వెనక ఉన్న మా కాలనీ గ్రంథాలయం గుర్తొస్తుంది. బీరువాల్లో ఒక్కో అరకు రెండేసి ఉండలు పెడుతూ తిరిగే లైబ్రేరియన్ సరోజిని మేడం గుర్తొస్తారు. "పురుగు పడితే మందుందమ్మా. మనుషులు రాకపోతేనే మందు లేదు" అనేవారావిడ. ఇంట్లో అవసరం లేకపోయినా ఒక పొట్లం కొన్నాను.

నేను ఆ గడప తొక్కింది చదువు మీద ప్రేమతో అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, అబద్ధం ఎందుకు? ఫ్యాను కోసం వెళ్లాను. నల్గొండ వైపు పల్లె మాది. ఇంటర్ కాగానే పెళ్లయింది. మా ఆయన వ్యాను నడుపుతాడు. మేమున్న కిరాయి ఇల్లు రేకులది, పొద్దున తొమ్మిదికే పెనంలా కాలేది. పాపను నర్సరీలో దింపి, మళ్లీ పన్నెండున్నరకు తెచ్చుకునేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. బడి పక్కనే గ్రంథాలయం.

గుమ్మం దగ్గర ఒక బల్ల, దాని మీద పెద్ద రిజిస్టరు, దారం కట్టిన పెన్ను. వెనక కళ్లజోడు పెట్టుకున్న పొట్టి మనిషి. "పేరు రాసి సంతకం చేసి వెళ్లమ్మా" అన్నారు మేడం. ఆవిడది గుంటూరు వైపు. ఎన్నేళ్లు ఇక్కడున్నా ఆ మాట మారలేదు.

"నేను ఊకనే ఒచ్చిన మేడం. జర పేపర్ సూసి పోతా."

ఆవిడ కళ్లజోడు మీదుగా ఒకసారి చూసి, "సరే, కూర్చో. ఆ కిటికీ పక్కన ఫ్యాను బాగా తిరుగుతుంది" అన్నారు. ఫ్యాను కోసం వచ్చానని కనిపెట్టేశారని సిగ్గేసింది.

సంతకం అంటే మా ఇంట్లో పామును చూసినంత భయం. మా నాయిన ఒకప్పుడు ఎవరి కాగితం మీదో చదవకుండా సాక్షి సంతకం పెట్టి, రెండేళ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగాడు. నన్ను అత్తారింటికి పంపుతూ ఆయన చెప్పిన బుద్ధి ఒక్కటే: "యాడ పడితే ఆడ సంతకం పెట్టకు బిడ్డా." కిటికీ పక్కన కూర్చునే ఆడవాళ్లందరిదీ ఇలాంటి కథే. చీరలకు ఫాల్ కుడుతూ వారపత్రికలో సీరియల్ చదివే సుగుణక్క, సంతకం పెడితే ఇంటికి ఏదో కార్డు వస్తుందని, అత్తకు తెలుస్తుందని అనుకునేది. ఇంకొకామెకు తన చేతిరాత అంటే నామోషీ. రోజూ పది మందిమి వచ్చేవాళ్లం. రిజిస్టరులో మాత్రం పేపర్లు చదివే ముగ్గురు పెద్దమనుషుల పేర్లే ఉండేవి. మేడం ఒక్కనాడూ బలవంతపెట్టలేదు. నేను పేపరు దాటి కథల్లోకి, కథలు దాటి పాఠ్యపుస్తకాల్లోకి పోవడం గమనించి, ఒకరోజు దూరవిద్య డిగ్రీ దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది కూడా చదివే నింపు" అని నవ్వారు.

ఇంకోరోజు మేడం బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన పాత రిజిస్టరు తీశారు. కాలనీ అంతా ఖాళీ ప్లాట్లు, తుమ్మచెట్లుగా ఉన్న రోజుల్లో ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు తన వరండాలో రెండు బీరువాలతో దీన్ని మొదలుపెట్టారట. తర్వాత కాలనీ వాళ్లంతా ఇటుకలు మోసి ఈ హాలు కట్టుకున్నారట. ప్రభుత్వం తీసుకుని పుస్తకాలు, జీతాలు ఇవ్వడం ఆ తర్వాతి సంగతి. హాలు కట్టాక మొదలైన ఆ రిజిస్టరులో మొదటి పేరు ఏ పెద్దమనిషిదీ కాదు, గోడ కట్టిన మేస్త్రీది. సున్నం ఆరకముందే వచ్చి పేపరు చదివి, వంకర అక్షరాలతో పేరు రాసిపోయాడు. మేడం ఆ పేరు మీద వేలు పెట్టి, "ఈ హాలు చరిత్ర ఇంకెక్కడా రాసి లేదమ్మా, ఇందులోనే ఉంది" అన్నారు. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

ఎనిమిది నెలలు గడిచాక పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పాఠకులు లేనందున ఈ శాఖను మూసి, పుస్తకాలను సైదాబాద్‌కు తరలించే ఆలోచన ఉందని, నెలలో అధికారి వచ్చి చూస్తారని. పేపరు చదువుతున్న ఒక పెద్దాయన, "గింత దానికి పరేషాన్ ఎందుకు మేడం? రోజుకో ఇరవై పేర్లు మీరే గీకుండ్రి, అయిపాయె" అన్నాడు.

"రానివాళ్ల పేర్లు నేను రాస్తే, వచ్చినవాళ్ల పేర్లు ఎవరు నమ్ముతారండీ?" అన్నారు మేడం. అనేసి, తడిగుడ్డ తీసుకుని తుడిచిన బల్లనే మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.

ఫ్యాను గాలి మాది, పుస్తకాలు మావి, మాట పడేది ఆవిడ. లేచి వెళ్లి పెన్ను పట్టుకున్నాను. "మేడం, ఎనిమిది నెలల సంతకాలు ఇప్పుడే పెడతా. దినాం ఒచ్చిన గద, మీరే సూసిండ్రు."

"చూశాను. కానీ నిన్నటి సంతకం ఇవాళ పెడితే అదీ దొంగదే రేణుకా. ఇవాళ్టిది పెట్టు."

చచ్చేంత కోపం వచ్చింది. మునిగిపోతూ కూడా పద్ధతులేంటి ఈవిడకు అనిపించింది. పేరు రాసి, వచ్చిన సమయం పది అని వేశాను. ఆవిడ వంగి చూసి, "నువ్వొచ్చింది పది ఇరవైకి" అన్నారు. దిద్దాను.

సాయంత్రం నాయినకు ఫోన్ చేసి చెప్పాను. "అండ్ల ఏం రాసున్నదో సదివినవా?" అన్నాడు.

"సదివిన నాయినా. పేరు, ఒచ్చిన టైము, పోయిన టైము. గంతే."

"సదివి పెట్టినవ్ గద. ఇగ భయమేంది, పెట్టు."

మర్నాడు ఈ మాటే సుగుణక్కకు చెప్పాను. ఆమె రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివి, "ఓసి, గింతేనా! దీనికా నేను గిన్ని దినాలు దొంగ లెక్క కూసున్న?" అని పకపకా నవ్వి రాసింది. కార్డు భయం పోగానే ఇంకో నలుగురిని లాక్కొచ్చింది. చేతిరాతకు సిగ్గుపడే ఆమెకు మేడం చిత్తుకాగితం ఇచ్చారు. మూడు రోజులు రాసుకుని నాలుగోరోజు రిజిస్టరు ముట్టుకుంది.

అధికారి వచ్చాడు. పేజీలు తిప్పి మొహం చిట్లించాడు. "మొన్నటిదాక ముగ్గురే. ఇప్పుడు పేజీలకు పేజీలు. అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్. ఒక్కరే రాసిండ్రా ఏంది?" అన్నాడు. నిజమే. కొత్తగా రాసే చేతులన్నీ ఒకేలా వణుకుతాయి. ఇక అయిపోయిందనుకున్నాను. మేడం మాత్రం కుర్చీ చూపించి, "పదిన్నర దాకా కూర్చోండి సార్, టీ తెప్పిస్తాను" అన్నారు.

టీ సగంలో ఉండగా, పిల్లల్ని బడిలో దింపి ఒక్కొక్కరూ రావడం మొదలైంది. చెప్పులు విడిచి, కొంగుతో చెమట తుడుచుకుని, గోడ గడియారం చూసి, పేరు, సమయం రాసి పోతున్నారు. అధికారి గ్లాసు పక్కన పెట్టి ప్రతి పేరునూ పాత పేజీతో పోల్చి చూశాడు. సుగుణక్క ఊరుకోదు కదా, "సార్, మీరు గూడ ఒచ్చిండ్రు గద, సంతకం పెట్టరా?" అంది. ఆయన నవ్వి పెట్టాడు. గ్రంథాలయం ఉండిపోయింది.

మేడం రిటైరైన మర్నాడు నేను సంతకం పెట్టి లోపలికి పోతుంటే వెనక ఆవిడ గొంతు వినిపించింది. బల్లకు ఇవతలి వైపు నిలబడి, నా పేరు కింద తన పేరు రాసుకుంటున్నారు. "ఇన్నేళ్లూ ఉద్యోగానికి వచ్చాను. ఇవాళ చదువుకోడానికొచ్చాను" అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను. ఇప్పుడు సొంతూళ్లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేస్తే "బాగున్నావా" కంటే ముందు "లైబ్రరీకి ఎవరెవరొస్తున్నారు?" అంటారు.

డిగ్రీ పాసై, ఇప్పుడు మీర్‌పేట్‌లో ఒక బడి ఆఫీసులో పనిచేస్తున్నాను. తల్లులు కాగితం చూసి వెనక్కి జరిగితే, నిదానంగా చదవమని కుర్చీ వేస్తాను.

మొన్న ఆ పొట్లం తీసుకుని గ్రంథాలయానికే వెళ్లాను. కొత్తగా వచ్చిన ఉద్యోగికి ఇచ్చి, రిజిస్టరులో పేరు రాసి, వచ్చిన సమయం పదకొండు ఏడు అని వేశాను. అంతలో భుజాన పిల్లల నీళ్ల సీసా వేలాడుతున్న ఒక అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. రిజిస్టరును చూసి, నన్ను చూసి, "నేను ఊకనే ఒచ్చిన అక్కా. జర కూసొని పోతా" అంది.

"కూసో చెల్లె" అని, కిటికీ పక్క కుర్చీని ఫ్యాను కిందికి జరిపాను.