ముసుగు వీరుడికి తెలుగు చీటీ

మా బాపుకు కుడికంటి శుక్లం ముదిరి, దవాఖానాలో ఆపరేషన్ చేయించుకుని, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు హనుమకొండ చౌరస్తాలోని మా పుస్తకాల దుకాణం నా చేతికి వచ్చింది. అరవైల నడిమి మాట. నాకు పందొమ్మిదేళ్లు. మెట్రిక్ పాసై రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. మా వర్తకుల ఇళ్లలో ఆడపిల్ల గల్లా దగ్గర కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. విషయం తెలిసి మా మేనత్త పరుగున వచ్చింది.

"ఏందన్నా, బిడ్డను దుకాణంల కూసోవెడ్తవా? నలుగురు ఏమంటరు?"

"నలుగురు వచ్చి పుస్తకాలు కొంటరు. గంతే," అన్నాడు బాపు, కట్టు కిందనుంచే.

దుకాణంలో బడి పుస్తకాలు, పలకలు, పంచాంగాలు ఉండేవి. ముందువైపు ఒక తాడు కట్టి దానికి నెలనెలా వచ్చే ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలు వేలాడదీసేవాళ్లం. ఒక్కో నెల ఒక్కో వీరుడు. ఒకడు ముసుగు వేసుకుని దొంగల ముఠాలను పట్టేవాడు, ఒకడు ఆకాశంలో ఎగిరేవాడు. మా చౌరస్తాలో వాళ్ల అసలు పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు. ముసుగాయన, ఎగిరేటాయన, అంతే. హైదరాబాదు ఏజెంటు నెల మొదటి వారంలో రైల్లో కట్ట పంపేవాడు. బాపు ఏళ్లుగా పాతికే తెప్పించేవాడు. కొన్ని నెలలు ఆ పాతికా నాలుగు రోజుల్లో అయిపోయేవి. కొన్ని నెలలు పదిహేను మిగిలి, ఎండకు అట్టలు వెలిసిపోయేదాకా తాడు మీదే ఉండేవి.

"ఈ బొమ్మల పుస్తకాలకు ఒక తీరు లేదు బిడ్డా. పోతే పోతయ్, లేకుంటే లేదు. ఫికర్ చెయ్యకు," అనేవాడు బాపు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. బడిలో నాకు లెక్కలంటే ప్రాణం. నెలనెలకూ అంత తేడా వస్తోందంటే దాని వెనక ఏదో ఉండాలి. బాపు పాత బిల్లులన్నీ పెట్టెలోంచి తీసి, మూడేళ్లలో ఏ నెలలో ఎన్ని వచ్చాయో, ఎన్ని మిగిలాయో రాసుకున్నాను. గళ్ల కాగితాల నోటుపుస్తకం ఒకటి కొత్తది తెరిచి గ్రాఫు గీశాను. చుక్కలు కలుపుతుంటే గీత ఒక ఆకారానికి వచ్చింది. జూన్‌లో ప్రతి ఏడూ కిందికి దిగుతోంది. బడి తెరిచే నెల, ఇళ్లలో డబ్బంతా పాఠ్యపుస్తకాలకే పోతుంది. ఎండాకాలం సెలవుల్లో పైకి లేస్తోంది. ఇవి తేలికగానే అర్థమయ్యాయి. కానీ చలికాలంలో, పత్తి అమ్మకానికి వచ్చే నెలల్లో, గీత సెలవుల కంటే ఎత్తుకు ఎందుకు పోతోందో తోచలేదు. బడి నడుస్తున్న రోజుల్లో ఎవరు కొంటున్నట్టు?

ఆ చలికాలం వచ్చినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాను. ఒకరోజు నర్సంపేట వైపు నుంచి పత్తి బండితో వచ్చిన రైతు ఒకాయన ముసుగాయన పుస్తకం తీసుకున్నాడు. తలకు తువాలు, యాభై ఏళ్లుంటాయి.

"కాకా, గిది ఎవరికి? పిల్లలకా?"

ఆయన అటూ ఇటూ చూసి నవ్వాడు. "పిల్లలకని ఇంట్ల చెప్త. నాకే. బొమ్మలు జూస్తే సగం కథ తెలుస్తది, తక్కిన సగం నేనే అల్లుకుంట. కానీ ఆఖర్ల గా ముసుగాయన ఆ పిల్లతోని ఏం మాట్లాడిండో తెల్వక పానం కొట్టుకుంటాంది."

ఆయన వెళ్లిపోయాడు గానీ ఆ మాట నన్ను వదల్లేదు. తెలుగు కూడబలుక్కుని చదివినా ఇంగ్లీషు రానివాడు, బొమ్మల కోసం పైసలు పెట్టి కొంటున్నాడు. వాళ్లకు కథ తెలుగులో చెబితే? నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మ.

ఆమె మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేది. ముప్పై అయిదేళ్లుంటాయి, ఎప్పుడూ తెల్లచీర, బిగించి వేసిన ముడి. సుద్దముక్కల కోసం, హాజరుపట్టీల కోసం మా దుకాణానికి వచ్చేది. నవ్వగా నేను చూడలేదు. భయపడుతూనే ముసుగాయన పుస్తకం ఆమె ముందు పెట్టి సంగతి చెప్పాను. నాలుగు పేజీలు తిప్పింది. తిడుతుందనుకున్నాను.

"ఒక రోజు నాకియ్యి చెల్లె," అంది.

మర్నాడు బడి వదలగానే వచ్చింది. "ఆ ముఠా నాయకుడు ఆ పిల్లకు అన్ననే. మూడో పేజీలనే నాకు అనుమానం వచ్చింది," అంది, ఎంతో గంభీరంగా.

శనివారం మధ్యాహ్నాలు మేమిద్దరం దుకాణం వెనక గదిలో కూర్చునేవాళ్లం. ఏ పేజీలో ఏ బొమ్మకు ఏ మాటో అంకెలు వేసి, కథంతా ఒక కాగితం మీద తెలుగులో రాసేవాళ్లం. మొదటి రోజే తగాదా వచ్చింది. ఆమె "ఓరీ దుష్టుడా, నిలువుము" అని రాసింది.

"టీచరమ్మా, గట్ల ఎవరు మాట్లాడ్తరు? 'ఆగురా' అంటడు."

"అంత మోటగనా?"

"కొట్టబోయేటోడు ఇంకెట్ల అంటడు?"

ఆమె నిలువుము కొట్టేసింది. దెబ్బల చప్పుళ్లకు మాత్రం ఇద్దరికీ ఎంతకీ కుదిరేది కాదు. ధబేల్ కావాలా, ఫెడేల్ కావాలా అని ఆమె బల్ల మీద గుద్ది మరీ విని చూసేది. పుస్తకానికో చీటీ చొప్పున కార్బన్ కాగితాలు పెట్టి ఒత్తి రాసి రాసి నా వేళ్లు నీలంగా మారాయి. రెండు నెలల తర్వాత ఆ పని పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఆయనకు ఇచ్చాం.

చీటీ పెట్టిన మొదటి నెల పాతికా వారంలో అయిపోయాయి. తర్వాత నలభై తెప్పించాను, ఆ తర్వాత యాభై. గీత కాగితం దాటిపోతే పైన ఇంకో కాగితం అతికించాను. బాపు అప్పటికి మందపాటి అద్దాలతో దుకాణానికి వస్తున్నాడు. నోటుపుస్తకం ముక్కు దాకా తెచ్చుకుని చూసి, "గిదేంది, తాటిచెట్టు లెక్క పోయింది?" అన్నాడు. ఆ రోజంతా ఎవరొచ్చినా వాళ్లకు ఆ కాగితం చూపించాడు.

ఆ ఊపులో ఉండగా దెబ్బ పడింది. మాకు దగ్గర్లోని మగపిల్లల బడిలో పెద్దసారు, బొమ్మల పుస్తకం ఎవరి సంచిలో కనిపించినా ఊరుకునేది లేదని ప్రార్థనప్పుడు చెప్పాడు. దొరికినవి దొరికినట్టు లాక్కున్నాడు. ఆ నెల యాభైలో ముప్పై ఒకటి మిగిలాయి. నోటుపుస్తకం చంకలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీ చూపించాడు, చెప్పింది మొత్తం విన్నాడు.

"పిల్లలు లెక్కల పుస్తకం నడుమ పెట్టుకుని చదువుతాన్రమ్మా. నేను చెప్పేది ఒక్కడు ఇంటలేడు."

"సార్, మా చీటీ పక్కకు పెట్టుకుని ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటాన్రు."

"నేర్చుకోనియ్యి. ఇంట్ల నేర్చుకోనియ్యి. నా బడిల వద్దు."

నోటుపుస్తకం తీసుకుని లేచాను. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. బయటికి వచ్చాక కోపం, సిగ్గు రెండూ వచ్చాయి. ఇంటికి నడుస్తుంటే నా గ్రాఫే నా కళ్ల ముందు ఆడింది. చలికాలపు ఎత్తు బడిపిల్లలది కాదు. అది పత్తి బండ్లతో వచ్చేవాళ్లది. వాళ్లు నా దగ్గరికి ఏడాదికి నాలుగు నెలలే వస్తున్నారు. నేను వాళ్ల దగ్గరికి పోతే?

టీచరమ్మ పుట్టిల్లు నర్సంపేట పక్క ఊరు. నర్సంపేటలో వారపు సంత జరిగే అంగడి రోజున బస్సెక్కి ఇద్దరం వెళ్లాం. మిగిలిన ముప్పై ఒక్క పుస్తకాలు నా ఒళ్లో ఉన్నాయి. బస్సులు ఆగే చోట గోనెపట్టా పరిచి పుస్తకాలు వరుసగా పెట్టాను. మేనత్త చూస్తే మూర్ఛపోయేది. అరగంటసేపు ఎవరూ ఆగలేదు. మిరపకాయల వాసనకు తుమ్ములు వస్తున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరపకాయల వల్లనే అని చెప్పాను టీచరమ్మకు.

ఆమె కొంగు నడుముకు దోపింది. ఒక పుస్తకం పైకెత్తి పట్టుకుని, చీటీ చూస్తూ, బడిలో పాఠం చెప్పే గొంతుతో చదవడం మొదలుపెట్టింది. "ఆగురా! ఎక్కడికి ఉరుకుతాన్నవ్?" తెల్లచీర కట్టుకున్న ఆ మనిషి నోట ఆ మాట వినేసరికి దారిన పోయేవాళ్లు నిలబడ్డారు. ధబేల్ దగ్గర ఆమె అరచేతిలో గుద్దింది. చుట్టూ గుంపు చేరింది. సరిగ్గా ముఠా నాయకుడి ముసుగు లాగే చోట పుస్తకం మూసేసింది.

"తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు ఎవరో.

"పుస్తకంల ఉన్నది," అంది టీచరమ్మ.

ఒక్కటి కూడా తిరిగి తేలేదు. బస్సులో ఆమె మొదటిసారి నవ్వింది, కండక్టరు తిరిగి చూసేంత గట్టిగా. ఆ తర్వాత ప్రతి నెలా కొత్త కట్ట రాగానే వచ్చే మొదటి అంగడికి ఇద్దరం వెళ్లేవాళ్లం. బడిపిల్లలు ఇంటి దగ్గర చదువుకోవడానికి మెల్లగా మళ్లీ కొనడం మొదలుపెట్టారు, కానీ నేను వాళ్ల మీదే ఆధారపడి ఉండలేదు.

మరుసటి ఏడు ఏజెంటు హైదరాబాదు నుంచి స్వయంగా వచ్చాడు. టోపీ తీసి విసురుకుంటూ బాపును అడిగాడు. "సేఠ్, జర నిజం చెప్పున్రి. గింత చిన్న దుకాణంల గిన్ని ఎట్ల పోతున్నయ్? ఈడ కొని వేరే ఊళ్లకు పంపుతున్నరా?"

"గా ముచ్చట మా బిడ్డనడుగున్రి," అన్నాడు బాపు.

నోటుపుస్తకం ముందు పెట్టాను. ఆయన వేలు పెట్టి నెల నెలా చూశాడు. ఒక చోట ఆగి, "గిక్కడ ఎందుకు పడ్డది?" అన్నాడు.

"వానలు. రెండు అంగళ్లకు బస్సులు పోలే."

"వచ్చే నెలకు?"

"అరవై పంపున్రి."

"అరవయ్యా? మిగిల్తే?"

"మిగిల్తే నేను చూస్కుంట."

ఆయన బాపు వైపు చూశాడు. బాపు పలకల కట్ట విప్పుతూ తల ఎత్తకుండానే, "రసీదు మీద ఆమె పేరే రాయున్రి," అన్నాడు.

ఆ నెల యాభై ఏడు పోయాయి. మూడు మిగిలాయి. నోటుపుస్తకంలో చుక్క పెట్టి, ఆ తర్వాతి నెలకు మళ్లీ అరవయ్యే రాశాను.