రెండు చుక్కల సుగ్రాబీ

సుగ్రాబీ నోటికి భయపడనివాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. ఒకరు ఊరి పెద్ద దుర్గప్ప, ఆయనకు చెవుడు. రెండోవాడు పక్క చేను మాదన్న, వాడికీ ఆమెకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి పక్కన, నల్లరేగడిలో ఆమెకు రెండున్నర ఎకరాలు. మొగుడు ఇస్మాయిల్ పోయాక ఆమెకు కూడు పెట్టేది ఆ చేనే. ఏటా పప్పుశనగ వేస్తుంది. మూడేళ్ళుగా పంట దిగనారిపోతుంటే నీళ్ళు చాలలేదనుకుంది, దేవుడికి దయ లేదనుకుంది. తనకు కళ్ళు కనబడటం లేదని మాత్రం అనుకోలేదు.

దసరా పోయాక ఆదోనిలో కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు పొలం ముఖం చూడొద్దన్నాడు డాక్టరు. పదో రోజే పోయింది. పుష్యమాసం వచ్చేసరికి, ఆ కొత్త కంటితో శనగ మొదళ్ళలో తేటగా చూసింది మల్లె అనే కలుపును. పాలిపోయిన కాడ, ఊదారంగు పూలు, మచ్చుకైనా పచ్చని ఆకు లేదు. వాసనా లేదు. దీనికి మల్లె అని పేరు పెట్టినవాడికి ముక్కు లేదని ఆమె గట్టి నమ్మకం.

ఒకటి పెరికి రైతు సేవా కేంద్రానికి పట్టుకుపోయింది. అక్కడ పనిచేసే రక్షిత దాన్ని తిప్పి చూసి చెప్పింది. "ఇది సొంతంగా బతకదు పెద్దమ్మా. శనగ ఏరుకు నోరుపెట్టి తాగుతాది."

"మా ఆడబిడ్డ మొగుడు గూడా ఇంతే. ఆకు అల్లాడించడు, ఊరికే పూస్తాడు."

రక్షిత నవ్వాపుకుని మిగతాది చెప్పింది. పూయకముందే పెరికి కాల్చాలి. చేతికి చిక్కని పసి మొలకల నెత్తిన రెండు చుక్కలు వేపనూనె వేస్తే మాడిపోతాయి. గట్టున పారెయ్యకూడదు, గొర్రెలకు వెయ్యకూడదు. "ఒక్కో సెట్టుకు లచ్చ గింజలుంటాయి, మొగానికి పూసుకునే పౌడరంత సన్నం. పదేండ్లయినా మట్టిలో పండుకోనుంటాయి. పక్కన శనగ ఏరు తగిలితేనే లేస్తాయి."

ఆ లక్ష గింజల లెక్కకు సుగ్రాబీకి పాత పాపం గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట మాదన్న ట్రాక్టరుతో దున్నిస్తూ ఉమ్మడి గట్టును జానెడు తినేశాడు. పోనీలెమ్మన్నాడు ఇస్మాయిల్. ఆమె పోనివ్వలేదు. ఆ ఏడే తన చేన్లో నాలుగు మల్లెలు మొలిస్తే, విరగబూసిన వాటిని చేటెడు పెరికి, "గట్టు మింగిన దొరకు పూలు" అంటూ మాదన్న చేన్లోకి విసిరింది. ఆ ఏడే కాదు, వరసగా అయిదేళ్ళు, మల్లె కంటికి ఆనినంత కాలం, అదే మర్యాద చేసింది.

ఇప్పుడు మాదన్న చేను ఊదారంగు కప్పుకుని ఉంది. అది మీదుంటుంది, ఆమెది కిందుంటుంది. వానకు మట్టి కొట్టుకొచ్చేదీ, గాలికి దుమ్ము వచ్చిపడేదీ తన చేన్లోకే. తనది ఎంత బాగుచేసుకున్నా వచ్చే ఏటికి మళ్ళీ మొదటికే వస్తుంది. అప్పుడు చేను అమ్ముకోవడం తప్ప దారి లేదు.

అయిపోయిన కంటిచుక్కల సీసా కడిగి, అందులో వేపనూనె పోసింది. తన చేనంతా నాలుగు రోజుల్లో ముగించింది. అయిదో రోజు మాదన్న ఆలూరులో పెళ్ళికి పోయాడని తెలిసి గట్టు దాటింది. పెళ్ళిలో భోజనం ఆలస్యమవుతుందని అలిగి వాడు తొందరగా తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, జన్మ శత్రువు తన చేన్లో వంగి ఏదో చుక్కలు పిండుతోంది.

"సేనుకు మందు పెడతాండాది రండ్రో!" అన్న కేక ఊరంతా వినిపించింది, దుర్గప్పకు తప్ప.

చావిడి దగ్గర జనం మూగారు. మాదన్న మాడిన మొలకలు, పండుబారిన శనగ మొక్కలు తెచ్చి సాక్ష్యం పెట్టాడు. అది వేపనూనె అంటే ఎవరూ నమ్మలేదు. సుగ్రాబీ నాలుక చాపి రెండు చుక్కలు వేసుకుంది. మొహంలో నరం కూడా కదల్లేదు. ఆ నాలుకకు చేదు ఒక లెక్కా? "నువ్వూ సూడప్పా" అని దుర్గప్ప నోట్లోనూ పిండింది. ఆయన మొహం నలిగిన గుడ్డలా అయింది. నాలుగుసార్లు ఉమ్మి, కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"ఏపనూనే! మాదా, నీ సేను బాగుజేస్తాంటే నిందేస్తావా? తప్పైందని సెప్పు ఆమెకు."

మాదన్న తల వంచాడు. ఆ మెడ వంగాలని సుగ్రాబీ పదకొండేళ్ళు ఎదురుచూసింది. ఇస్మాయిల్ బతికుండగా వంగలేదే అని ఒక్క క్షణం బాధపడింది, ఇంకో క్షణం కడుపునిండా సంతోషపడింది. నోరు మూసుకుంటే చాలు, గెలుపు తనదే. కానీ లక్ష గింజల మాట ఊరుకోనివ్వలేదు.

"ఆగప్పా. నీ సేన్లో మల్లె ఏసింది నేనే. అయిదేండ్లు చేటల్తో ఇసిరినా. గట్టు మీద కోపం."

ఏమైందని దుర్గప్ప పక్కవాడిని గోకుతున్నాడు. మాదన్న తల ఎత్తలేదు.

"నాకు అగుపడలేదనుకుంటివా వదినా? నువ్వు అట్ల పోతానే ఏరి, మళ్ల మీ సేన్లోకే ఏసినా. ఒగ దినమైనా తప్పలేదు."

సుగ్రాబీకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిట్టు దొరకలేదు. దొరికాక మాత్రం చావిడి దద్దరిల్లేలా తిట్టింది. మధ్యలో నవ్వొచ్చి, ఆపుకుని, మళ్ళీ తిట్టింది.

మర్నాడు ఇద్దరూ పెరికిన మల్లె గుట్టయింది. కాల్చడానికి గుంత ఎవరి చేన్లో తవ్వాలని కాసేపు కీచులాడుకున్నారు. చివరికి ఆ జానెడు గట్టు దగ్గరే తవ్వారు. పొగ ఎగుస్తుంటే ఆమె పైటతో కొత్త కన్ను ఒత్తుకుంది, పొగకేనంది.

"పదేండ్లంట మాదా, గింజ సచ్చేదానికి. నాకు డెబ్బై దాటతాయి."

"పదకొండేండ్లు పగ మోసినోళ్ళం, పదేండ్లు పీకలేమా వదినా?"

ఆమె సీసా వాడి చేతిలో పెట్టి, తాను పెరకడానికి వాడి చేన్లోకి దిగింది.