దూకే బటన్ లేని జాయ్‌స్టిక్

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం తెచ్చుకునే హక్కు నాకు ఒక్కడికే ఉండేది. పెద్దకొడుకుని కదా. నేను అలిగితే అన్నం కంచం నా వెనకాలే వచ్చేది. తమ్ముడు అలిగితే, ఆకలైతే వాడే వస్తాడులే అనేవాళ్ళు. చివరికి వాడు అలగడమే మానేశాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటున్నాయి. ఎవరి మీద కోపం అంటే, ముందు నా మీదే.

మాది బొమ్మనహళ్ళిలో ఒక సందులో రెండు గదుల ఇల్లు. నాన్న గార్మెంట్ యూనిట్‌లో కటింగ్ మాస్టరు. ఒక వేసవి సెలవుల్లో ఆయన ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో టీవీకి తగిలించే వీడియో గేమ్ సెట్టు ఉంది. యజమాని పిల్లలు కొత్తది వచ్చిందని పక్కన పడేసినది. ఇద్దరు ఆడుకునే వీలున్న సెట్టే గాని, దాని సొంత కంట్రోలర్ ఒక్కటే మిగిలింది. చేతిలో ఇమిడే పలక లాంటిది, కుడివైపు రెండు బటన్లు. ఒకటి కొట్టడానికి, ఒకటి దూకడానికి. రెండో కంట్రోలర్ బదులు అంతకు ముందు కాలం సెట్టు తాలూకు జాయ్‌స్టిక్ ఒకటి వేసి పంపారు. నల్లటి చదరపు దిమ్మ, మధ్యలో రబ్బరు తొడుగు వేసిన నిలువు కర్ర, మూలన ఒకే ఒక ఎర్ర బటన్. దాని ప్లగ్గు మా సెట్టులో చక్కగా దూరేది. కర్ర ఎటు తోస్తే బొమ్మ అటు నడిచేది. ఎర్ర బటన్ నొక్కితే కొట్టేది. దూకడం మాత్రం దానివల్ల అయ్యేది కాదు. పాత ఆటలకు ఒక బటనే సరిపోయేది కాబట్టి రెండోది దానికి పెట్టనే లేదు.

ఆ సంగతి నేను మొదటి రోజే కనిపెట్టాను. తమ్ముడు వీధి కుళాయి దగ్గర్నుంచి బిందెతో వచ్చేలోపు రెండూ మార్చి మార్చి తగిలించి చూశాను. వాడు తడి చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చోగానే పాతది వాడి చేతిలో పెట్టాను.

"ఇదేరా అసలైంది. దూకాలంటే కట్టెను పైకి గట్టిగా తొయ్యాల. అదును చూసి తొయ్యాల. బుర్ర ఉండేవాళ్ళకే వస్తాది" అన్నాను.

వాడు నమ్మాడు. నేనేం చెప్పినా నమ్మేవాడు.

ఆ ఆటలో ఒక బుడతడు అడవి దాటి కోటకు చేరాలి. అడవి మొదట్లోనే ఒక గుంత. ఆ గుంత మీదుగా ఒక గబ్బిలం ఎదురొచ్చి, మన తల మీంచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగొస్తుంది. అది తగిలితే బుడతడు ఎగిరి అల్లంత దూరాన పడతాడు. ఒకరి తర్వాత ఒకరం ఆడేవాళ్ళం. నా వంతులో నా బుడతడు గుంత దాటి అడవిలోకి వెళ్ళేవాడు. తమ్ముడి వంతులో వాడి బుడతడు అంచు దాకా నడిచి గుంతలో పడేవాడు. మళ్ళీ మొదలు, మళ్ళీ గుంత. వాడు పెదవి కొరుక్కుంటూ, ఆ కర్రను రెండు చేతులా పట్టి పైకి తోస్తూ ఉండేవాడు. సందులోని పిల్లలందరూ మా గడప దగ్గర చెప్పులు విడిచి చూడ్డానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు నేను వాణ్ణి 'గుంతగాడు' అనేవాణ్ణి. పిల్లలూ అదే పేరు పట్టుకున్నారు.

మా వెనక పోర్షన్‌లో ఒక అక్క వాళ్ళమ్మతో అద్దెకుండేది. ఆంధ్రా నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. అక్క హోసూరు రోడ్డు మీద ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ఎవరికి దెబ్బ తగిలినా సందులో పిల్లలందరికీ ఆమే డాక్టరు. ఒకరోజు మా గడప దగ్గర తమ్ముడి చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తూ ఆమె వాడి అరచెయ్యి తిప్పి చూసింది.

"ఏంట్రా ఈ బొబ్బలు? బావులేమన్నా తవ్వుతున్నావా?"

"జాయ్‌స్టిక్‌వి అక్కా. దూకడం నేర్చుకుంటా ఉండా."

"ఇంకా రాలేదా?"

"నాకు రాదక్కా. అన్నకు వస్తాది. బుర్ర ఉండేవాళ్ళకే వస్తాదంట."

వాడు ఏడుస్తూ అనలేదు. పక్కింటివాళ్ళకు కారుంది, మనకు లేదు అన్నట్టు మామూలుగా అన్నాడు. నేను అక్కడే గోడకానుకుని నిలబడి ఉన్నాను. అక్క బొబ్బల మీద మందు రాసింది. లోపలికి వచ్చి, చాప మీదున్న జాయ్‌స్టిక్ తీసి ఇటూ అటూ తిప్పి చూసింది. దాని పక్కనున్న నా కంట్రోలర్‌నూ చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. బతికిపోయాననుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే, చర్చికని కట్టుకున్న తెల్లచీర కూడా మార్చుకోకుండా, అక్క మా ఇంటికి వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. గది నిండా పిల్లలున్నారు.

"ఏం పెద్దమనిషీ, నాకూ ఓసారి నేర్పవా ఆట?" అంటూ నా రెండు బటన్ల కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది.

"అది నాది" అన్నాను.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఇంటికొచ్చినోళ్ళకు మంచిది ఇయ్యాలప్పా! సుమ్నే, ఊరికే గలాటా చేయొద్దు."

మా ఇంట్లో అది చట్టం. కొత్త గ్లాసైనా, ఫ్యాను కింద చోటైనా వచ్చినవాళ్ళకే. అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసే వచ్చింది. నవ్వుతూ జాయ్‌స్టిక్ నావైపు జరిపింది. "నీకు బుర్రుంది కదరా. ఏదైతే ఏం?"

ముందు ఆమె ఆడింది. ఆట రాదు, అయినా తడుముకుంటూ రెండు బటన్లూ నొక్కి గుంత దాటేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. నా బుడతడు అంచు దాకా నడిచాడు. గుంతలో పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. ఎవడో 'గుంతగాడు' అన్నాడు. ఈసారి ఆ పేరు నాది. చెవులు కాలిపోతున్నాయి. అక్క నావైపు చూడకుండా టీవీ వైపే చూస్తోంది.

అప్పుడు తమ్ముడు నా పక్కకు జరిగాడు. వాడికి నన్ను చూసి జాలేసింది. చెవిలో రహస్యం చెబుతున్నట్టు, మందు రాసిన చేత్తో చూపిస్తూ, "గట్టిగా తొయ్యన్నా. అదును చూసి తొయ్యాల" అన్నాడు.

నా అబద్ధాన్ని వాడు నాకే, ప్రేమగా, నేర్పుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం తొయ్యాలరా నా తలకాయ! దీనికి దూకే బటనే లేదు!"

అరిచాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. టీవీలో ఆ ఆట పాట కొక్కొక్కోమని మోగుతోంది. తమ్ముడు జాయ్‌స్టిక్ వైపు చూశాడు, నావైపు చూశాడు.

"బటనే లేదా అన్నా?" అన్నాడు.

అంతే. తిట్టినా, ఏడ్చినా, నా మీద పడి కొట్టినా బాగుండేది. నేను ఆ జాయ్‌స్టిక్‌ను గోడకేసి కొట్టాను. దిమ్మ పగిలి నెర్రె విచ్చింది. అమ్మ గరిటెతో పరుగున వచ్చి నా వీపు వాయించబోతే అక్క అడ్డం వెళ్ళింది. "కొట్టకండి పిన్నీ. నిజం చెప్పాడుగా" అంది. తర్వాత తన సంచిలోంచి తెల్లటి ప్లాస్టర్ చుట్ట తీసి, విరిగిన చేతికి కట్టు కట్టినంత శ్రద్ధగా ఆ దిమ్మకు చుట్టింది. నా కంట్రోలర్ తీసి తమ్ముడికి అందించింది. వాడు చెయ్యి చాపలేదు. "అది నాకొద్దక్కా" అని ఆ కట్టు కట్టిన జాయ్‌స్టిక్‌నే తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఇలాంటి కథల్లో ఆ క్షణమే పిల్లవాడికి బుద్ధి వచ్చేస్తుంది. నాకు రాలేదు. నాకు వచ్చింది కోపమే. అక్క ఆరేసుకున్న తెల్లచీర మీద మట్టి చల్లాను. ఆమె మళ్ళీ ఉతుక్కుంది, ఎవరికీ చెప్పలేదు. దానికి ఇంకా కోపం వచ్చింది. తమ్ముడు ఆ సెలవుల తర్వాత కూడా పాత జాయ్‌స్టిక్‌నే వాడాడు. రెండు బటన్లది నేను ఇచ్చినా వద్దన్నాడు. మొండివెధవ అనుకున్నాను. మరో ఏడాదికి అక్కావాళ్ళు ఇల్లు మారిపోయారు. క్షమించమని ఆమెను నేనెప్పుడూ అడగలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఇద్దరినీ ఇంగ్లీషు మీడియంలో చదివించే స్తోమత నాన్నకు లేదు. నన్ను అందులో వేశారు, వాణ్ణి సర్కారు బడిలో వేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనైతే అసలే అడగలేదు. నాకు హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. వాడు చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్ అయ్యాడు. ఒకసారి నేనే గొప్పగా సిఫార్సు చేసి వాణ్ణి ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి పంపాను. వాళ్ళు అడిగిన ఇంగ్లీషుకు వాడు నోరు మెదపలేక తిరిగొచ్చాడు. నా పరువు పోయిందని బంధువులందరి ముందు, "నీకు ఎప్పటికీ దూకడం రాదురా" అన్నాను. గడ్డం మొలిచి, పెళ్ళయి, పదిమంది నా కింద పనిచేస్తున్న రోజుల్లో అన్నాను. వాడు తల వంచుకుని టీ తాగాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను రెండు తన్నుకోవాలనిపిస్తుంది. పిల్లవాడిగా ఆడిన అబద్ధాన్నైనా క్షమించుకోగలను. పెద్దయ్యాక ఆ మాట అన్న మనిషిని క్షమించలేను.

ఈమధ్య పాత ఆటలన్నీ నింపిన చిన్న పెట్టె ఒకటి కొన్నాను. ఇప్పటి టీవీకి తగిలించుకోవచ్చు. పాత జాయ్‌స్టిక్‌లు కూడా దానితో పని చెయ్యాలంటే మధ్యలో ఒక అడాప్టర్ పెట్టాలి. అదీ తెప్పించాను. బొమ్మనహళ్ళి ఇంటి అటక మీంచి తెచ్చిన మా జాయ్‌స్టిక్ అలాగే ఉంది. ప్లాస్టర్ పచ్చబడింది గాని ఊడలేదు. తగిలిస్తే పనిచేసింది కూడా.

ఆదివారం తమ్ముడు కూతురితో వచ్చాడు. నేను వంటింట్లో టీ పెడుతుంటే హాల్లోంచి నా కొడుకు గొంతు వినబడింది. "నువ్వు చిన్నదానివి కదా, ఆ పాతది తీసుకో. నీకు అదే కరెక్ట్."

గిన్నె వదిలేసి పరుగెత్తాను. నా కొడుకు మీద నేను అరిచిన అరుపుకు పాప బెదిరిపోయి వాళ్ళ నాన్న ఒళ్ళో దూరింది. "ఆ పిల్లకు ఏది ఇస్తున్నావో తెలుసా నీకు? బుద్ధుందా?" వాడు బిక్కచచ్చిపోయాడు. వాడికేం తెలుసు పాపం? నేను అరుస్తున్నది వాడి మీద కాదు. తమ్ముడికి ఆ సంగతి తెలుసు.

"వదిలెయ్ అన్నా. పిల్లోడిమీద ఎందుకు? ఇట్లియ్" అని జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ గుంత దాటే దోవ నాకు తెలుసు."

ఆట పెట్టాడు. బుడతణ్ణి అంచు దాకా నడిపించి ఆపాడు. గబ్బిలం ఎదురొస్తే కొట్టలేదు, కర్ర కిందికి లాగి బుడతడి తల వంచి దాన్ని పోనిచ్చాడు. అలాగే నిలబడ్డాడు. గబ్బిలం తిరిగొచ్చి వీపు మీద గుద్దింది. బుడతడు ఆ దెబ్బకు ఎగిరి గుంత అవతల పడ్డాడు. ప్రాణం సగం పోయింది. లేచి నడిచాడు. పిల్లలిద్దరూ కేకలు పెట్టారు.

"ఎప్పుడు కనిపెట్టినావురా ఇది?"

"ఆ సెలవుల్లోనే. అక్క కట్టు కట్టిన తర్వాత."

"నాకు చెప్పలేదే?"

వాడు నవ్వాడు. "చెప్పింటే ఈ కట్టె గూడా లాక్కుందువు."

నేను నవ్వలేకపోయాను. లాక్కునేవాణ్ణే. జాయ్‌స్టిక్ నాకివ్వమన్నాను. వాడు చెప్పినట్టే చేశాను. దెబ్బ పడే ముందు ఒక్క క్షణం కదలకుండా నిలబడాలి. అది నాకు చేతకాలేదు. ప్రతిసారీ భయపడి ముందే జరిగాను, గుంతలో పడ్డాను. "ఓపికన్నా, ఓపిక" అంటూ వాడు నా చేతి మీద చెయ్యి వేశాడు. మిషన్ల మీద పనిచేసి మొద్దుబారిన అరచెయ్యి. బొబ్బలు ఎక్కడుండేవో పోల్చుకోలేకపోయాను.

నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని చెబితే అదో కొత్త అబద్ధం. ఆఫీసులోనైనా ఇంట్లోనైనా, ఎవరికైనా ఏదైనా చేతకాలేదంటే ఇప్పటికీ మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆ అక్క గుర్తొస్తుంది. ఆమె తమ్ముణ్ణి ఎందుకు దూకలేదని అడగలేదు. ముందు వాడి అరచెయ్యి తిప్పి చూసింది. నేనూ అరవబోయే ముందు ఎదుటివాళ్ళ చేతుల వైపు చూస్తున్నాను, నేను వాటిలో ఏం పెట్టానో చూడ్డానికి.