తప్పెట పట్టుకున్న ఫొటో

గుంతకల్లులో రైలు మారాల్సి ఉండి, మధ్యలో స్టేషన్ దగ్గర ఒక ఫొటోల ప్రదర్శనకు వెళ్లాను. ఒకప్పుడు గిటార్లతో ఈ జంక్షన్‌లో దిగిన హిప్పీలను రైల్వే ఉద్యోగి ఒకాయన తీసిన ఫొటోలవి. గంజాయి పొగ, జడలు కట్టిన జుట్టు చూసి మనసులోనే ప్రార్థన చేసుకున్నాను.

ఒక ఫొటో ముందు అన్నాచెల్లెళ్లు గొడవ పడుతున్నారు. అందులో వాళ్ల నాయన, మెడలో సిలువతో, హిప్పీల మధ్య తప్పెట కొడుతూ నవ్వుతున్నాడు.

"బాప్తిస్మం తీసుకున్నోడు తప్పెట కొట్టినాడని సంఘమంతా చూడల్లా? దించుతాండా," అంటూ అన్న ఫ్రేము పట్టుకున్నాడు.

చెల్లెలు అతని చెయ్యి పట్టుకుంది. "దించు చూద్దాం! నాయనది ఇదొక్కటే ఫొటో. చర్చిలో కొట్టనిచ్చింటే ఆ జుట్టోళ్ల దగ్గరికి యాల పోతాడు?"

నా చేతిలో బైబిలు చూసి, "అయ్యగారూ, మీరే చెప్పండి," అన్నాడతను.

తప్పెట జాతరలదని, మందిరంలోకి రాకూడదని నేనూ నమ్మినవాణ్ణే. కానీ మా కాకినాడ మందిరంలో డ్రమ్స్ మోగందే ఆరాధన మొదలవదు. ఆ మాటే చెప్పాను. అయినా అతను ఫ్రేము వదల్లేదు.

"ఆ తప్పెట ఉందామ్మా?" అని అడిగాను.

"ఇంట్లోనే ఉండాది. మంటకు కాచి కొట్టేది అన్నకే వస్తాది. నాయన నేర్పినాడు."

అతను ఫ్రేము వదిలేశాడు.