గురువారం కట్టిన కట్టు

నాకు నోరెక్కువ. చేతి దురద కూడా ఎక్కువే. శ్రీకాకుళంలో మా మర్దన గదికి వచ్చినవాళ్ళు బల్ల మీద బోర్లా పడుకోకముందే వాళ్ళ వీపు చూసి రోగం చెప్పేస్తాను, వాళ్ళు చెప్పేది ఆ తర్వాత వింటాను. ఈ దూకుడుతోనే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. రెండేళ్ళయింది.

గది చిన్నది. రెండు చెక్క బల్లలు, ఆవిరి పట్టే పెట్టె, నువ్వుల నూనె కాచుకునే స్టవ్వు, అంతే. మర్దన మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. తర్వాత కేరళ వెళ్ళి ఆరు నెలలు కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. దానితోపాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఏడు ప్రశ్నలు అడగాలి. సుగర్ ఉందా, బీపీ ఉందా, ఆపరేషన్ ఏదైనా అయిందా, మందులేం వాడుతున్నారు, ఇలాంటివి. ఆ ఏడూ పెద్ద అక్షరాలతో రాయించి గోడకి అంటించాను.

గురువారం మాత్రం గది మాది కాదు. ఆ పొద్దుట వచ్చినవాళ్ళు ఇచ్చినదంతా చర్చి వెనకున్న వృద్ధాశ్రమానికి మందుల కింద వెళ్తుంది. మధ్యాహ్నం నుంచి చేపల తట్టలు, ఇటుకలు మోసేవాళ్ళకి ఉచితంగా మర్దన. ఈ ఏర్పాటు నేనే పెట్టాను, నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. వరండా నిండా జనం కూర్చునేవారు. ఒక్కొక్కరినీ ఏడేసి ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే సగంమంది ఉత్తినే వెనక్కి పోవాల్సి వస్తుందని, మధ్యాహ్నం పూట అడగడం మానేశాను. నాకు నేను చెప్పుకున్న కారణం అది.

ఆ గురువారం కళింగపట్నం నుంచి ఒకామె వచ్చింది. ఎండుచేపలు అమ్ముతుంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఎడమ చెయ్యి చాపి, "బరువుగా ఉంటాది సెల్లీ. ఒక్కోపాలి గుంజేత్తాది," అంది.

మణికట్టు పైన నరం ఉబ్బి ఉంది. పక్కనే చిన్న కుట్ల మచ్చ. కత్తిపీటకి తెగి ఉంటుందిలే అనుకున్నాను. చేపలు కోసేవాళ్ళ చేతులకి గాట్లు లేనిదెప్పుడు? వేళ్ళు ఆనించగానే లోపల గుర్రుమంటోంది, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు తెలుస్తుందే, అలా.

"ఓలమ్మా, వాతం ఎలా దూకుతున్నాదో సూడు," అన్నాను. వాళ్ళతో మాట్లాడితే నాకూ ఆ యాసే వచ్చేస్తుంది, అక్కని అప్పా అనేస్తాను.

వాతం ఒకచోట చేరి కొట్టుకుంటుంటే వేడి ఆముదపాకు వేసి బిగించి కట్టాలని మా అమ్మమ్మ చెప్పేది. నూనె రాశాను. ఆకులు వెచ్చచేసి మణికట్టు చుట్టూ పరిచాను. పాత పంచె గుడ్డ చించి మూడు చుట్లు బిగించి ముడి వేశాను.

"రేపు పొద్దుటి దాకా ఇప్పకు అప్పా. దురదేసినా ఇప్పకు."

"నువ్వు సెప్పినాక ఇప్పుతానేటి," అని నవ్వి బస్సుకి వెళ్ళిపోయింది.

జనం పలచబడ్డాక, నాలుగున్నరకి, మా వీధిలో ఉండే నర్సమ్మగారు వచ్చారు. రిటైరయ్యారు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ కాలికి నూనె రాస్తూ నేను గొప్పలు మొదలుపెట్టాను.

"ఇవాళ ఒకామె చేతిలో వాతం పిల్లిలా గుర్రుమంది నర్సమ్మగారూ. ఒక్క కట్టుతో అణిచేశాను."

ఆవిడ కాలు వెనక్కి లాగేసుకున్నారు. "ఏ చెయ్యి? మచ్చేమైనా ఉందా?"

"ఎడమది. మణికట్టు దగ్గర చిన్న కుట్లు..."

"అది వాతం కాదే తల్లీ! కిడ్నీలు పాడైనవాళ్ళకి డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. ఆ గుర్రుమనడమే రక్తం పారుతోందనడానికి గుర్తు. ఆ చేతికి బిగుతుగా గాజు కూడా వెయ్యనివ్వం. నువ్వు కట్టు కట్టావా?"

నూనె చేతులతోనే లేచి నిలబడ్డాను.

"మూసుకుపోయిందంటే ఇంకోచోట కుట్టాలి. అందరికీ రెండోసారి కుదరదు. ముందు ఫోన్ చెయ్యి, విప్పెయ్యమను."

ఏ నంబరుకి చెయ్యను? పొద్దుట వచ్చేవాళ్ళ పేర్లూ నంబర్లూ పుస్తకంలో ఉంటాయి. మధ్యాహ్నంవాళ్ళవి ఉండవు. ఆమె పేరేమిటో కూడా నాకు తెలీదు.

ఆటో ఎక్కాను. నిజం చెప్పాలి కదా, మొదట నేను భయపడింది ఆమె గురించి కాదు. గది మూయించేస్తారు, పేపర్లో వేస్తారు, ఇంటి ముందు గుంపు చేరుతుంది, ఇదీ నా గోల. సింగుపురం దాటాక ఆ గోల సిగ్గేసి ఆగింది, అసలు భయం అప్పుడు పట్టుకుంది. కట్టు కట్టి మూడు గంటలవుతోంది. ఆ గుడ్డ కింద ఏమవుతోందో. నాకు భక్తి అంతంతమాత్రం. ఆ దారిలో అరసవల్లి సూర్యుడికీ మొక్కాను, ఏసుప్రభువుకీ మొక్కాను. గేదెలు రోడ్డుకి అడ్డం వస్తే డ్రైవరు హారన్ కొడుతూ కూర్చున్నాడు. నేనే దిగి వాటిని అదిలించి వచ్చాను.

కళింగపట్నంలో ఆడవాళ్ళు ఇసుక మీద ఎండబెట్టిన చేపలు తట్టల్లోకి ఎత్తుతున్నారు. పేరు తెలియని మనిషిని ఏమని అడగను? "చేతికి ఆకుల కట్టు కట్టుకున్నామె" అన్నాను. అందరికీ తెలుసు. అప్పటికే ఊరంతా చూపించుకుని తిరిగిందట. "నువ్వేనేటి ఆ డాక్టరమ్మవి? నా నడుం కూడా సూడమ్మా," అని ఒకామె వెంటపడింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆమె ఇంటి అరుగు మీద, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇప్పు! ముందది ఇప్పప్పా!"

"నువ్వే గదా ఇప్పొద్దన్నావు. తిమ్మిరెక్కిపోతన్నాది, అయినా ఇప్పనేదు సూడు," అంది. ఎంత గర్వంగా చెప్పిందో.

నూనెకి నాని ముడి బిగిసిపోయింది. కత్తిపీటకి ఆనించి గుడ్డ కోశాను. ఆకులు ఒలిచి వేళ్ళు పెట్టాను. ఏమీ లేదు. చెవి ఆనించాను. సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆమె తనూ వేళ్ళు పెట్టి చూసుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇది ఆగితే ఎంటనే వచ్చెయ్యమన్నారు," అంది మెల్లగా. "మచ్చ సూసే కట్టావు గదా, నీకు తెలుసుననుకున్నాను. వచ్చే నెల సూదులు మొదలెడతామన్నారు. రెండో సేతికి నరాలు సన్నమంట సెల్లీ. నాకు ఇదొక్కటే."

అదే ఆటోలో వెనక్కి బయల్దేరాం. నర్సమ్మగారు ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పి ఉంచారు. దారంతా ఆమె చెయ్యి నా ఒళ్ళోనే. నొక్కకుండా రెండు వేళ్ళు ఆనించి ఉంచాను. ఆటో అదురేదో రక్తం అదురేదో తెలియడం లేదు. గార ఊరి దగ్గర "ఆపు బాబూ, ఇంజను ఆపు!" అని అరిచాను. ఇంజను ఆగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. వేలి కింద సన్నగా, ఉందో లేదో అన్నట్టు, గుర్రుమంది.

"ఉన్నాదా అమ్మా?" అన్నాడు డ్రైవరు. నేను ఆమె కుడిచేతి వేళ్ళు పట్టుకుని అక్కడ ఆనించాను. ఆమే తల ఊపింది.

డాక్టరు మిషను పెట్టి చూసి, ప్రస్తుతానికి పారుతోందన్నాడు. తెల్లారేదాకా కట్టు ఉంచి ఉంటే గడ్డకట్టిపోయేదట. వారం రోజులు కనిపెట్టి ఉండాలట. తర్వాత నా వైపు తిరిగి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు. నాకు నోరెక్కువన్నానే, తలొంచుకుని అన్నీ పడ్డాను.

బయట బల్ల మీద ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. అన్ని తిట్లు తిన్నాక కూడా బుద్ధి పోనిచ్చుకున్నానా? తప్పులో కొంతైనా ఆమె మీదికి తోసెయ్యాలని, "ఆపరేషన్ సంగతి నాకొక్క మాట సెప్పలేకపోయావా అప్పా?" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"బస్సు బేగి వచ్చేసింది. పొద్దుటే వచ్చి వరండాలో కూకున్నాను. లోపల నువ్వు ఎవులో ఆవిడిని అడుగుతన్నావు. ఆపరేషన్ అయిందా, మందులేటి ఏసుకుంటన్నారు అని. అన్నీ ఇన్నాను. నా వంతుకి సెప్దామని వరసగా తలుసుకుని కూకున్నాను. నన్ను నువ్వు అడగనేదు. ఆ అడగడం డబ్బులిచ్చినోళ్ళకేనేమో అనుకున్నాను."

నా టీ చల్లారిపోయింది. ఆమె కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకుని, ఉందో లేదో చూసుకుంటూ కూర్చుంది.