మా కూడలిలో కుర్చీ

ఆళ్లగడ్డలో టీచరుగా రిటైరై నంద్యాలలో ఇల్లు కట్టుకున్నాను. మా కాలనీలో నాలుగు వీధులు కలిసే చోట బండ్లు ఏ వైపు నుంచి వచ్చినా ఆగకుండా దూసుకొస్తాయి. పోయిన ఏడాది అక్కడ స్టాప్ బోర్డులు పెట్టమని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించి మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చాను.

అవసరమో కాదో తేల్చడానికి ఒక అధికారి వచ్చాడు. ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని నేనే ఆ మూలన చెట్టు నీడలో కుర్చీ వేసి టీ ఇచ్చాను. అంతే, వచ్చిన ప్రతివాడూ బండి ఆపి నమస్కారం పెట్టడం మొదలైంది. రోజూ హారన్ మీద నుంచి వేలు తీయని ఎదురింటి ఓబులేసు అయితే బండి దిగి, "బాగుండారా సార్, మజ్జిగ తాగుతారా?" అని అడిగాడు.

సాయంత్రం అధికారి పుస్తకం మూసి, "ఏందమ్మా, ఈడ అందరూ వాళ్లంతట వాళ్లే ఆగుతాండారు. ఇంగ బోర్డెందుకు?" అన్నాడు.

"మీరుండారని ఆగుతాండారు సార్" అన్నాను. నవ్వేసి వెళ్లిపోయాడు.

మరునాడు చర్చికి వెళ్తుంటే అదే మూలలో ఓబులేసు బండి నా స్కూటర్‌ను గుద్దింది. చెయ్యి విరిగి నేను రోడ్డు మీద కూర్చుంటే, "ఈడ ఆగల్లని మా కాడ సంతకాలు పెట్టిచ్చుకుంది మీరే గదా టీచరమ్మా. మీరే ఆగకపోతే ఎట్ల?" అన్నాడు.

నిజమే, నేనూ ఆగలేదు.

కట్టు కట్టించుకుని వచ్చి ఆ కుర్చీని మళ్లీ అక్కడే వేయించాను. ఎవరో సారు వచ్చాడనుకుని ఇప్పుడు అందరూ బ్రేకు వేస్తున్నారు. మనిషి చెయ్యి విరిగినా ఆగనివాళ్లం, ఖాళీ కుర్చీకి ఆగుతున్నాం.